చేతికి కట్టుకున్న సంచి

"ఏముంది, పదిహేనుమందేగా! ఏవో నాలుగు పునుగులు వేసెయ్, చాలు," అన్నాడు ఎబెన్ పళ్ళు తోముకుంటూ. మా ఆయన నోట్లో 'ఏముంది' అనే మాట ఎప్పుడూ నురగతోపాటే వస్తుంది. నేనప్పుడే ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చి, యూనిఫామ్ కూడా విప్పకుండా, వెళ్ళేముందు నానబోసిన మినప్పప్పు కడుగుతున్నాను. నాలుగు పునుగులంటే రుబ్బడం, వేయించడం, అల్లప్పచ్చడి, కొబ్బరిపచ్చడి. ఆ పదిహేనుమందిలో జోజయ్య అంకుల్‌కి షుగరు కాబట్టి ఆయనకు విడిగా గోధుమరవ్వ ఉప్మా. మన తిండి ముట్టని పిల్లలకి సాసేజ్ రోల్స్. అందరూ వెళ్ళాక అంట్లు. వీటన్నిటికీ కలిపి మా ఇంట్లో వాడే పేరు 'ఏముంది'.

ఇంతకీ ఆ రోజు మా ఇంట్లో స్లైడ్ నైట్. ఆస్ట్రేలియావాళ్ళ దగ్గర మావాళ్ళు నేర్చుకున్న ముచ్చట్లలో అదొకటి. ఊరెళ్ళొచ్చినవాళ్ళు తీసిన ఫొటోలను స్లైడ్లు చేయించి, ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి, గోడకి తెల్లదుప్పటి కొట్టి, తెలిసినవాళ్ళందరినీ చీకట్లో కూర్చోబెట్టి చూపిస్తారు. వచ్చినవాళ్ళు మధ్యలో లేచిపోవడానికి వీల్లేదు, తిండి పెడతారు గనక. ఆస్ట్రేలియాలో మేముండే క్వేకర్స్ హిల్ చుట్టుపక్కల మా తెలుగు చర్చివాళ్ళలో ఇంగ్లండ్ చూసొచ్చిన మొదటి కుటుంబం మాదే. తొంభయ్యో సంవత్సరం మే నెలలో వెళ్ళొచ్చాం. మా అమ్మాయి కరోలిన్‌కి స్కూల్లో సెలవడిగి మరీ తీసుకెళ్ళాం. మా పెద్దాడపడుచు హెలెనా వదిన కెంట్‌లో కొత్త ఇల్లు కొనుక్కుంది, గృహప్రతిష్ఠ ప్రార్థనకి రమ్మంది. వచ్చేవాళ్ళలో వంట చేయగల మనిషి ఉండడం ఆవిడకి దేవుడిచ్చిన అదనపు దీవెన.

తెర కోసం మా మంచం మీది దుప్పటే తీసి ఇస్త్రీ చేశాను. జూలై చలికాలం, అయిదింటికే చీకటి పడింది. అందరూ వచ్చారు. నేను వంటింట్లో, బాండీ ముందు. వంటింటికీ హాలుకీ మధ్య గోడలో గిన్నెలందించే కిటికీ ఒకటి ఉంది, అందులోంచి దుప్పటి కనిపిస్తుంది. ప్రొజెక్టర్ దగ్గర కూర్చున్నది మా కరోలిన్. పదమూడేళ్ళ పిల్ల, మాట తెలుగులో వింటుంది, జవాబు ఇంగ్లీషులో విసురుతుంది. అది మీట నొక్కుతుంటే టక్కుమని ఒక్కో బొమ్మా పడుతోంది. వంతెనలు, గడియార స్తంభం, పావురాల మధ్య ఎబెన్, ఎర్రబస్సు ముందు ఎబెన్, వదిన కొత్త గుమ్మంలో ఎబెన్. నేనెక్కడ అని ఎవరూ అడగలేదు. నాకూ ఆ అనుమానం రాలేదు, వదిన వంటింటిని ఎవరు ఫొటో తీస్తారు?

"ఇప్పుడు చూడండి, అసలు సంగతి," అన్నాడు ఎబెన్.

టక్కుమంది. అడవి పడింది దుప్పటి మీద. నా చేతిలో చిల్లులగరిటె ఆగిపోయింది. ఎత్తయిన చెట్లు, అప్పుడే విచ్చిన లేతాకులు, వాటి కింద నేలంతా నీలం. బ్లూబెల్స్ అంటారు ఆ పూలని, తలొంచుకుని ఉంటాయి. దీనమ్మ ఆంటీ "అబ్బ, ఎంత బాగుందో!" అంది. జోజయ్య అంకుల్ భార్య ఆవిడ, ఏది చూసినా నోరారా మెచ్చుకుంటుంది. నాకు సంతోషం వేసింది. ఆ ప్రయాణం మొత్తంలో నాది అనుకున్నది ఆ అడవొక్కటే. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి అక్కడ ఏమీ జరగలేదు కూడా.

మళ్ళీ టక్కుమంది. ఈసారి పడింది నేను.

చెట్టు మొదట్లో వెల్లకిలా పడుకుని ఉన్నాను. నోరు తెరుచుకుని ఉంది. పెదవి మూల తడి మెరుస్తోంది. చీర పిక్కల దాకా జరిగింది. చలికని వేసుకున్న ఎబెన్ పాత మేజోళ్ళు, ఒకదాని చిరుగులోంచి పగిలిన మడమ బయటికొచ్చి చూస్తోంది. పక్కన పెద్ద సంచి, దాని పిడి నా మణికట్టుకి చేతిరుమాలుతో ముడేసి ఉంది. గోడ మీద నేను గోడంత ఉన్నాను.

"చూశారా! లోకమంతా డబ్బు పోసి ఆ పూలు చూడ్డానికొస్తే మా ఆవిడ నిద్ర చూసింది!" అన్నాడు ఎబెన్. "ఆ చెయ్యి చూడండి, చెయ్యి! సంచి కట్టుకుంది! ఇంగ్లండ్ అడవిలోకి గూడూరు పాసింజర్ దొంగలొస్తారని!"

హాలు గొల్లుమంది. జోజయ్య అంకుల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏవమ్మా కుమారీ, విమానవెక్కి అంత దూరం పోయి పడుకున్నావా తల్లీ?" అన్నారు.

"పాపం, అలిసిపోయిందేవోలెండి," అంది దీనమ్మ ఆంటీ.

"దేనికి ఆంటీ అలిసిపోడం? హాలిడేకెళ్ళి!" అన్నాడు ఎబెన్. మళ్ళీ నవ్వులు.

"ఓ గాడ్, మమ్! సో ఎంబరాసింగ్!" కరోలిన్ మొహం పక్కకి తిప్పుకుని మీట నొక్కేసింది. గోడ మీదికి ఏదో కోట వచ్చింది.

నేనూ నవ్వాను. అదే నన్ను తినేసింది. కిటికీలోంచి తల బయటపెట్టి, కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఏం చెయ్యను అంకుల్, నిద్రొచ్చేసింది," అని వాళ్ళతోపాటు నవ్వాను. నవ్వి లోపలికి తిరిగేసరికి చెవులు, మెడ, వీపు అన్నీ మండుతున్నాయి. సిగ్గంటే అలా ఉంటుందని ఎప్పుడో చిన్నప్పుడు తెలుసు. బట్టల్లేకుండా బజార్లో నిలబడినట్టు కల వస్తుందే, అలాగ. పునుగులు మాడుతున్నాయి. తీసి పళ్ళెంలో వేశాను. ఎవరైనా టీ కోసం లోపలికొస్తే నా మొహం చూస్తారేమోనని సింకు వైపు తిరిగి నిలబడ్డాను.

ఆ మడమ. ఆ నోరు. నలుగురూ చూశారు. మా అత్తగారు బతికుంటే ఏమనేదో వినబడింది. కరోలిన్ కడుపులో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం కళ్ళు తిరిగి పడుకుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "పగటిపూట పడుకునే ఆడదానింట్లో సిరి నిలవదు," అని, నాతో కాదన్నట్టు గోడతో చెప్పింది. ఆ మాట నాకు ఎముకల్లో ఉండిపోయింది. ఇప్పటికీ రాత్రంతా ముసలమ్మల పక్కలు మార్చి, వాళ్ళని నిద్రపుచ్చే ఉద్యోగం చేసొచ్చి పగలు పడుకున్నా, దొంగలా పడుకుంటాను. ఫోన్ మోగితే గొంతు సవరించుకుని, ఎప్పుడో లేచినట్టు "హలో" అంటాను. ఎబెన్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి "పడుకున్నావా?" అంటే "లేదండీ, బట్టలు మడతపెడుతున్నా" అంటాను. ఏ తప్పు చేస్తూ పట్టుబడ్డానని ఈ అబద్ధాలు? నాకే తెలియదు.

ఆ అడవి రోజున నేను తెల్లవారకముందే లేచాను. తొమ్మిదిమందికి పూరీలు, బంగాళాదుంప కూర, కోడి వేపుడు, పులిహోర. "బయట తిండి దండగ. నీ చేతి పులిహోర ఉంటే చాలే కుమారీ," అంది వదిన, రాత్రే. అడవిలో దుప్పట్లు పరిచి అందరికీ వడ్డించాను. తిన్నారు. ఎబెన్ కెమెరా మెళ్ళో వేసుకున్నాడు. నేనూ లేచి చెప్పులేసుకుంటుంటే వదిన, "నువ్వు సామాన్ల దగ్గరుండవే, మేవలా ఓ చుట్టు తిరిగొస్తాం," అంది. ఎబెన్ వెనక్కి కూడా తిరగలేదు. వాళ్ళ మాటలు చెట్ల మధ్య దూరమై, సన్నబడి, ఇక వినిపించలేదు.

అప్పుడు చుట్టూ చూశాను. మా ఇంట్లో అందరూ వెళ్ళిపోయాక, వాషింగ్ మెషీన్ గిరగిరా తిరిగి ఆగిన క్షణంలో ఒక నిశ్శబ్దం వస్తుంది, నాకు అంతకుమించి నిశ్శబ్దం తెలియదు. ఇది వేరు. ఎక్కడో పావురం లాంటి పిట్ట ఒకటి ఆగి ఆగి కూస్తోంది. ఆకుల్లోంచి ఎండ చిల్లర పోసినట్టు పూల మీద పడుతోంది. తడి మట్టి వాసనలో సన్నగా తియ్యటి వాసన. ఎవరూ 'కుమారీ' అని పిలవడం లేదు. పిలవనప్పుడు నా పేరు ఎంత తేలికగా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఎందుకో ఏడుపొచ్చింది. కాస్సేపు ఏడ్చాను, హాయిగా. తర్వాత నిద్ర ముంచుకొచ్చింది. చదువుకునే రోజుల్లో తెనాలి నుంచి ఒక్కదాన్నీ రైల్లో హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. నిద్రొస్తే సంచి చేతికి కట్టుకుని పడుకోమనేవాడు. ఆలోచించలేదు. చెయ్యే కట్టుకుంది. అంత నిద్ర నేను పెళ్ళయ్యాక ఎప్పుడూ పోలేదు.

ఆ నిద్రని ఎబెన్ చాటుగా నిలబడి ఫొటో తీశాడన్నమాట. తీసి, లేపి, "పద పద, లేటయింది," అన్నాడు. ఒక్క ముక్క చెప్పలేదు. డబ్బాలో వేసి సముద్రాలు దాటించి, నేనిస్త్రీ చేసిన దుప్పటి మీదే పరిచాడు.

సింకు దగ్గర అలా నిలబడ్డదాన్ని ఎందుకు కదిలానో తెలియదు. పళ్ళెం చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్ళాను.

"కరోలిన్, వెనక్కి వెయ్," అన్నాను.

"వాట్?"

"ఇందాకటి నా ఫొటో. మళ్ళీ వెయ్."

"మమ్, నో! ప్లీజ్."

"వెయ్యమన్నానా!"

టక్కు, టక్కు, టక్కు. మళ్ళీ పడ్డాను గోడ మీద. ఎవరో నవ్వబోయి ఆగారు. నేను వెలుగులోకి వెళ్ళి నిలబడ్డాను. నా ఏప్రన్ మీద నీలం పూలు పడ్డాయి. మొదట మడమ చూశాను, చూడగా చూడగా అది ఉత్త మడమే అయింది. తర్వాత ముఖం చూశాను. నుదుటి మీద ఒక్క గీత లేదు. ఆ ముఖం ఉన్న మనిషిని నేను అద్దంలో చూడలేదు. ఆఖరున చెయ్యి చూశాను. ముఖమంతా నిద్రపోయినా చెయ్యి నిద్రపోలేదు. వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకుని తెల్లబడి ఉన్నాయి.

"ఆ సంచిలో ఏముందో ఎవరన్నా చెప్పండి," అన్నాను.

"పాస్‌పోర్టులా అమ్మా?" అన్నారు జోజయ్య అంకుల్.

"పాస్‌పోర్టులు ఆయన జేబులో ఉన్నాయి అంకుల్. డబ్బులు వదినగారి హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. కెమెరా ఆయన మెళ్ళో ఉంది." గోడ మీది సంచి వైపు చెయ్యి చూపించాను. "అందులో ఉన్నవి ఎంగిలి గిన్నెలు. వాళ్ళందరూ తిని వదిలేసినవి. నేను చేతికి కట్టుకుని కాపలా కాసింది వాటికి."

దీనమ్మ ఆంటీ చేతిలో ఉన్న ప్లేటు ఒళ్ళోకి దించుకుంది. కరోలిన్ గోడ మీద నా చేతిని చూస్తోంది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"అదేంటి కుమారీ, సరదాకి అన్నాను," అన్నాడు ఎబెన్, నవ్వు మొహం మీదే ఉంచుకుని. తర్వాత గొంతు తగ్గించి, "నలుగురిలో ఏంటిది? వెళ్ళి అంకుల్‌కి టీ పెట్టు," అన్నాడు.

నా తెరిచిన నోరు నలుగురిలో గోడకెక్కితే సరదా. అదే నోరు మాట్లాడితే నలుగురూ గుర్తొచ్చారు. ఇందాకటి సిగ్గు ఇంకా ఒంట్లోనే ఉంది, పోలేదు. కానీ అది మడమని వదిలి చేతికి వచ్చి కూర్చుంది. అలా నోరు తెరుచుకుని నిద్రపోయినందుకు ఇక సిగ్గు లేదు. ఆ పిడి వదలనందుకు చచ్చేంత సిగ్గేసింది.

వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపేశాను. గిన్నెలో ఇంకా పిండి ఉంది, అలాగే ఉంచేశాను. ఏప్రన్ విప్పి తలుపుకి తగిలించి, పడగ్గదిలోకి వెళ్ళాను. మంచం మీద దుప్పటి లేదు, అది హాల్లో గోడకి ఉంది. ఉత్త పరుపు మీదే పడుకున్నాను. హాలు నిండా జనం. ఇంకా ఏడు కూడా కాలేదు.

కొంచెంసేపటికి తలుపు తెరుచుకుంది. కరోలిన్.

"మమ్? ఆర్ యూ సిక్?"

"లేదమ్మా. నిద్రొస్తోంది."

అది గుమ్మంలోనే నిలబడింది. నాకు చూపు ఎత్తాలంటే భయమేసింది, దాని కళ్ళలో మా అత్తగారు కనబడుతుందేమోనని. అది దగ్గరికొచ్చి, కుర్చీ మీదున్న తన స్కూలు కోటు తీసి నా కాళ్ళ మీద కప్పింది. మడమలు కనబడకుండా కప్పిందో, చలేస్తుందని కప్పిందో అడగలేదు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.

అవతలనుంచి ఎబెన్ గొంతు, "కుమారీ, టీ ఏదీ?"

"షీ ఈజ్ స్లీపింగ్, డాడ్," అంది కరోలిన్.

గొంతు సవరించుకోలేదు. లేచే ఉన్నానని చెప్పలేదు. గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాను. ఈసారి చేతికి ఏమీ కట్టుకోలేదు.