గీతకు అటు ఒక్క అడుగు

మా వీధి నడుమ రాళ్లలో తెల్లటి శిలువ గుర్తులు వరసగా పొదిగి ఉంటాయి. వాటికి ఇటు నా ఇల్లు, బెల్జియం. అటు యోరిండ ఇల్లు, నెదర్లాండ్స్. ఊరంతా ఇంతే, పాత కోటుకు వేసిన మాసికల్లా ఒక దేశంలో ఇంకో దేశం ముక్కలు. ఈ సరిహద్దు గీత ఇంటి మధ్యలోంచి పోయినా సరే, వీధి తలుపు ఎటుంటే ఆ దేశం చట్టం, ఆ దేశం పన్ను. మా అమ్మ కాలంలో ఆడవాళ్లు సుంకం ఎగ్గొట్టడానికి వెన్నముద్దలు గౌను కింద దాచుకుని గీత దాటేవాళ్లు. ఆ కథలు చెప్పుకుని ఇప్పటికీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం.

డెబ్బై ఏళ్లు నాకూ అదంతా సరదాగానే ఉండింది, వెసెల్ వచ్చి నా కిటికీ ముందు నిలబడేదాకా.

వెసెల్ యోరిండ మాజీ మొగుడు. కట్టుకున్నదాని చెయ్యి విరిచిన ఘనుడు. వాడు ఆమె వీధిలో కాలు పెట్టకూడదని అటువైపు డచ్ జడ్జి తీర్పిచ్చాడు. ఏం లాభం? ఆ జడ్జి మాట చెల్లేది గీతదాకానే. ఆ పిల్ల బేకరీ పని ముగించుకుని వచ్చే వేళకు వీడు ఇటు పక్క, నా గుమ్మం దగ్గర, చేతులు కట్టుకుని నిలబడతాడు. ఏమీ అనడు. చూస్తుంటాడు, అంతే. యోరిండ పనికి పోవడం మానేసింది. ఊరొదిలి పోతానని సామాను కూడా సర్దుకుంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా వైపు పోలీసు లోడె ఉన్నాడుగా, చిన్నప్పుడు నా పెరట్లో చెర్రీలు దొంగిలించినవాడు, వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను.

"నన్నేం చెయ్యమంటావత్తా?" అన్నాడు వాడు కాఫీ ఊదుకుంటూ. "ఊరికే నిలబడటం మా చట్టంలో నేరం కాదు. వాళ్ల జడ్జి కాగితం మా కోర్టుకి రావాలి, మావాళ్లు చూడాలి..."

"ఈలోగా వాడు దాన్ని చంపేస్తే?"

"అప్పుడు నేరమే కదా."

"నీ మొహం! ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందిరా నీకు?"

వాడు తల దించుకున్నాడు. కాఫీ పక్కన పెట్టి అన్నాడు, "ఒక దారుంది. ఆ అమ్మాయే ఇటు వచ్చి, నా ఎదురుగా వాణ్ణి పొమ్మని చెప్పాలి. అయినా పోకపోతే అది వేధింపు. మా గడ్డ మీద జరిగిన వేధింపు. నేను ఫిర్యాదు తీసుకుంటా."

కాఫీహోటల్లో మాత్రం అందరూ చట్టం చదివినవాళ్లే. మా దగ్గర జడ్జిలు ఆడదాని మాట వింటారని డచ్చివాళ్లు, మా దగ్గర శిక్షలు గట్టివని మావాళ్లు, బల్లలు గుద్దుకుని వాదించుకున్నారు. రెండూ లోకంలో మహా భద్రమైన దేశాలేనట. ఆ రెండింటి మధ్యే ఒక పిల్ల తెరలు వేసుకుని వణికిపోతోంది. చివరికి అందరూ కలిసి ఇచ్చిన సలహా ఒకటే. ఆమె ఇంటి వెనక గోడ బెల్జియంలో ఉంది కాబట్టి వీధి తలుపు ఆ వెనక్కి పెట్టించుకుని దేశం మారిపోతే సరిపోతుందట! మా ఊరి బుర్రలే అంత.

ఈ సంగతి చెబితే యోరిండకు మొదటిసారి కోపం వచ్చింది. "తలుపు నేనెందుకు మార్చాలి పిన్నీ? తప్పు చేసింది నేనా? దేశం మార్చాలంటే వాణ్ణి మార్చుకోమను."

"మరైతే గీత దాటి రాగలవా, వాడి ఎదురుగా?"

ఆమె సర్దిన పెట్టె మూత తీసి, బట్టలన్నీ మళ్లీ బీరువాలో పెట్టుకుంది.

మర్నాడు లోడె నా వసారాలో కాచుకున్నాడు. గీతకు అటు తనకు అధికారం లేదు కాబట్టి, డచ్ పోలీసమ్మ హిల్లెకెను యోరిండ ఇంటి గేటు దగ్గర ఉండమన్నాడు. వెసెల్ వేళకు వచ్చి నిలబడ్డాడు. ఎదురింటి తలుపు తెరుచుకుంది. యోరిండ నడిచి వచ్చింది. శిలువ గుర్తులు దాటి, సరిగ్గా వాడి ముందు నిలబడింది.

"చూశావా, నువ్వే నా దగ్గరికొచ్చావు," అని వాడు ఇకిలించాడు.

"వెసెల్, ఇక్కణ్ణించి వెళ్లిపో. ఇంకెప్పుడూ నా ఇంటివైపు రాకు."

"ఇది బెల్జియం తల్లీ! నీ జడ్జిని ఇక్కడికి పిలుచుకో, చూద్దాం."

యోరిండ లోడె వైపు తిరిగింది. "విన్నారుగా. నేను ఫిర్యాదు ఇస్తున్నాను."

లోడె మెట్లు దిగి, "పదవయ్యా, స్టేషనుకి," అని చెయ్యి చాచాడు.

మా ఊళ్లో పుట్టినవాడికి పోలీసు చెయ్యి చాస్తే ఒకటే తెలుసు. వెసెల్ చటుక్కున గీత దూకాడు. దూకి, "ఇప్పుడు పట్టుకో!" అని నవ్వాడు కూడా. వెనకనుంచి హిల్లెకె వాడి భుజం పట్టుకుంది, జడ్జి కాలు పెట్టొద్దన్నది ఆ నేల మీదే మరి.

వీధి వీధంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వొద్దూ మరి! లోడె కూడా నవ్వేశాడు. మా దగ్గర ఇలాంటివన్నీ నవ్వుతోనే తేలిపోతాయి, తర్వాత ఎవరింటికి వాళ్లు పోతారు. ఆ సంగతి వెసెల్‌కూ తెలుసు.

"పొరపాటున ఒక్క అడుగు పడిందమ్మా," అన్నాడు హిల్లెకెతో, నవ్వు చెదరకుండా. "యోరిండా, నువ్వైనా చెప్పు. మన ఊళ్లో ఒక్క అడుగు ఎవరైనా లెక్కపెడతారా?"

హిల్లెకె యోరిండ వంక చూసింది. అందరం చూశాం. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

"నేను లెక్కపెడతాను," అంది. "ఒక్క అడుగే. రాసుకోండి."