కోయని పేజీలు

ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఒదీల్ వెర్మొరెల్ తన తండ్రి నడిపిన కుట్టు దుకాణంలోనే పుస్తకాల ప్రచురణ మొదలుపెట్టింది. అందుకే సంస్థకి ‘మూడు గుండీలు’ అని పేరు. కొనేస్తామంటూ పారిస్ పెద్ద సంస్థల వాళ్ళు ఏటా కబురు పంపేవాళ్ళు. అమ్మనని చెప్పడానికి ఒదీల్ జవాబుగా కవర్లో ఒక గుండీ పెట్టి పంపేది. ప్రూఫులు దిద్దేది నేనొక్కదాన్నే.

అప్పట్లో మా పుస్తకాలు మడతలు విప్పని పేజీలతోనే వచ్చేవి. చదివేవాళ్ళే కత్తితో అంచులు కోసుకుంటూ పోవాలి, కోయకపోతే లోపలి పేజీలు చదవడం కుదరదు.

మా పన్నెండో పుస్తకం మీద పత్రికలో విమర్శకుడు పుయిబారో విరుచుకుపడ్డాడు. ముగింపు చదువుతూ మూడుసార్లు నిద్రపోయాడట! షాపుల వాళ్ళు కట్టలు కట్టలుగా తిప్పి పంపారు. అది అమ్ముడుపోకపోతే మా సంస్థ పారిస్ వాళ్ళ చేతిలోకి పోవడమే. ఒదీల్ తిండి మానేసింది. నాకు కడుపు మండిపోయింది.

వారం తర్వాత నది గట్టున పాత పుస్తకాలమ్మే చోట, మేం పుయిబారోకి పంపిన ప్రతే నా చేతికి తగిలింది. మొదటి పేజీలో ఆయన పేరు, కింద ఒదీల్ సంతకం. పదహారో పేజీ దాకా కోసి ఉంది. ఆ తర్వాత కత్తి తగల్లేదు.

"ఏమే ఒదీల్, చూడు! మహానుభావుడు మొత్తం నిద్రలోనే చదివేశాడు!"

ఒదీల్ ఆ పుస్తకాన్ని మా దుకాణం అద్దాల కిటికీలో పెట్టింది. పక్కన కత్తి, ఒక చీటీ: ‘పుయిబారో గారూ, మిగతా పేజీలు మీకోసం ఎదురుచూస్తున్నాయి. కత్తి ఉచితం.’

మధ్యాహ్నానికి వీధంతా అక్కడే ఉంది. మూడోరోజు ఆయన టోపీ కిందికి లాక్కుని వచ్చాడు.

"ఏమిటండీ ఈ అల్లరి? తీసెయ్యండి!"

"తీసేస్తామండీ. కూర్చోండి, కోసుకుని చదివేసి వెళ్ళండి," అంది ఒదీల్.

మాంసం కొట్టు జెర్మేన్ గుమ్మంలోంచి అరిచింది: "మేం ఉన్నాం లెండి, కునుకు పడితే లేపుతాం!"

నాలుగు గంటలు చదివాడు. చివరి పేజీ దగ్గర ముక్కు తుడుచుకుని, "జలుబు" అన్నాడు. తర్వాతి వారం పత్రికలో, ‘ఈసారి మెలకువగా చదివాను, క్షమించండి’ అని రాశాడు. పుస్తకాలన్నీ అమ్ముడుపోయాయి. పారిస్‌కి మరో గుండీ వెళ్ళింది.

కొన్నాళ్ళకి ప్రెస్సువాళ్ళు యంత్రంతో అంచులు కోసిస్తామన్నారు.

"వద్దు," అంది ఒదీల్. "ఇలా ఉంటేనే కదటే దొంగలు దొరికేది!"

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

"సరే, ఆదివారం భోజనానికి మీ ఇంటికొస్తున్నా," అంది.

మా అల్మారాలో ఆమె సంతకం చేసిచ్చిన పుస్తకాలు పన్నెండూ ఉన్నాయి. ప్రూఫుల్లో చదివినవే కదా అని ఒక్కదానికీ కత్తి పెట్టలేదు.

శనివారమంతా వంట సంగతి వదిలేసి పేజీలు కోస్తూ కూర్చున్నాను.