సింకు కంపు

"ఈ నీళ్లు సీసాల్లో పోసి అమ్ముకోవచ్చండీ," అన్నారు ప్రతివాది వకీలు రాజేంద్రప్రసాద్ గారు. అమలాపురం కోర్టు హాలంతా నవ్వింది.

నేను నవ్వలేదు. నా చేతిలో కాకినాడ ల్యాబ్ రిపోర్టు ఉంది. మలికిపురం అవతల, రొయ్యల చెరువుల మధ్య చిక్కుకున్న పేట ఒకటుంది. చెరువుల మురుగు దిగి అక్కడి పంపు నీళ్లు కుళ్లిపోయాయి. ఆ నీళ్లు తాగి, ఆ నీళ్లే పోసుకుని నలభై ఇళ్ల జనానికి ఒళ్లంతా పుళ్లు లేచాయి. చెరువుల ఓనరు పెదబాబు మీద వాళ్ల తరఫున కేసు వేసింది నేను. వీఆర్వో ఎదురుగా పంపు నీళ్లు సీసాలో పట్టిందీ, ల్యాబ్‌కి అప్పగించిందీ నేనే. పట్టినప్పుడు కుళ్లిన కోడిగుడ్డు కంపు. రిపోర్టులో మాత్రం స్వచ్ఛమైన నీళ్లు. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, ముప్పై ఎనిమిది.

"విజయదుర్గ గారూ, మీరు పెట్టిన సాక్ష్యమే మీ కేసుని కొట్టేస్తోంది," అన్నారు జడ్జిగారు. "భోజనం తర్వాత చెప్పండి. చెప్పుకోవడానికి ఏమీ లేకపోతే ఇవాళే ముగిస్తాను."

వరండాలో నూకాలమ్మ నా కోసం నిలబడి ఉంది. మొదటి వాది ఆవిడే. చీర కొంగు తీసి మోచేతుల దాకా రసి కారుతున్న పుళ్లు చూపించింది.

"మా నీళ్లు మంచియ్యంటండీ అమ్మాయిగారూ? అయితే ఆ లాయరుబాబుని ఓ గ్లాసు తాగమనండి. నేనే తెచ్చిత్తాను, ఆయ్."

రిపోర్టు మళ్లీ తీసి చూశాను. ముప్పై ఎనిమిది. ఆ అంకె ఎక్కడో చూశాను. ఎక్కడ?

మా వంటింట్లో. నీళ్లు శుద్ధి చేసే మెషీను పక్కన వేలాడే కార్డు మీద. మూడు నెలలకోసారి కుర్రాడొచ్చి ఫిల్టర్లు కడిగి, టీడీఎస్ అంకె రాసి, నా చేత సంతకం పెట్టించుకుంటాడు. వాడికి ఫోన్ చేసేది నేను, వాడొచ్చే రోజు కోర్టు నుంచి పరుగెత్తుకొచ్చేది నేను. ఆ కార్డు ఒకటుందని ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. సముద్రం పక్క పేటలో ఏ పంపూ ముప్పై ఎనిమిది ఇవ్వదు. అవి నా వంటింటి నీళ్లు.

సీసా శుక్రవారం సాయంత్రం పట్టాను. ల్యాబ్ తెరిచేది సోమవారం. అందాకా చల్లగా ఉండాలని మా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె వెనక పెట్టాను. మూతకి టేపు వేశాను, లక్క సీలు వెయ్యలేదు. కేసు వేసినప్పుడే మా ఆయన అన్నారు: "నీది వకీలు పనా, డ్రైనేజీ పనా? పెదబాబు నాకు బావ అవుతాడు, మనకి కావలసినవాడు. వదిలెయ్." అయినా నా ఇంటి ఫ్రిజ్‌కి తాళం వెయ్యాలని నాకు తోచలేదు.

శనివారం నేను కొత్తపేటలో లీగల్ క్యాంపుకి వెళ్లాను. అత్తగారు సుబ్బాయమ్మ గారు పొద్దున్నే అప్పనపల్లి గుడికి వెళ్లారు. ఇంట్లో ఉన్నది మా ఆయన ఒక్కరే. సాయంత్రం నేను వచ్చేసరికి వంటింటి సింకు కంపు కొడుతోంది. రొయ్యల పొట్టు ఇరుక్కుందనుకున్నాను. వెనకే వచ్చిన అత్తగారు ముక్కు మూసుకున్నారు: "ఊళ్లో మురికంతా కోర్టుకి ఎక్కిస్తావు, నీ సింకు మాత్రం కడుక్కోలేవు!" చీర కూడా మార్చకుండా బ్లీచింగ్ పొడి చల్లి రెండుసార్లు తోమాను. గొట్టంలోకి వేలు పెట్టి మరీ తోమాను.

నా కేసుని నా చేత్తోనే కడిగేశాను. వరండా చివరికి వెళ్లి కక్కాను. నూకాలమ్మ నా వీపు నిమిరింది, ఆ పుళ్ల చేత్తోనే.

పెళ్లయి పదకొండేళ్లు. మంచం మీదికి మంచినీళ్లు అందిస్తే తప్ప తాగని మనిషి తన చేత్తో నింపిన మొదటి సీసా అది.

మా ఆయనకి ఫోన్ చేసి సీసా సంగతి అడిగాను.

"అవునే, పారబోశాను. తినే తిండి పక్కన ఆ దరిద్రం ఏవిటి?"

"పారబోస్తే సరే. మళ్లీ ఎందుకు నింపారు?"

"కేసు పోతే పోనీ. ఇంకోటి వస్తుంది. నా పేరు మాత్రం ఎక్కడా బయటికి రాకూడదు. విన్నావా?"

విన్నాను. పేరు. కొత్తకోడలిగా ఉన్నప్పుడు కొరియర్ అబ్బాయికి ఆయన పేరు చెప్పానని అత్తగారు అంతెత్తున లేచారు: "మొగుణ్ణి పేరు పెట్టి అంటావా? ఆయుష్షు తగ్గుద్ది!" ఆనాటి నుంచి 'మా వారు', 'మా ఆయన'. కోర్టులో ఎందరి పేర్లో గొంతెత్తి చదివే నేను, ఆ ఒక్క పేరు మింగేస్తూ వచ్చాను. ఇప్పుడు నోట్లో ఆ మింగిన చేదంతా ఉంది.

భోజనం తర్వాత జడ్జిగారి ముందు నిలబడ్డాను.

"ఈ కేసులో నా వకాలతు వదులుకుంటున్నానండీ. నూకాలమ్మ గారికి వేరే వకీలు వస్తారు. నేను సాక్షిని. సీసాలో నీళ్లు మారాయి. మా ఇంట్లో, మా ఫ్రిజ్‌లో మారాయి. లక్క సీలు వెయ్యకపోవడం నా తప్పు."

శనివారం సంగతి చెప్పాను. సింకు కంపు, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనిషి, కార్డు మీది అంకె. రాజేంద్రప్రసాద్ గారు లేచారు.

"భర్త భార్యతో అన్న మాట కోర్టులో చెప్పకూడదండీ. చట్టం ఒప్పుకోదు."

"ఆయన అన్న మాట ఒక్కటీ చెప్పలేదండీ. నేను తోమిన సింకు సంగతి చెప్పాను. పంపు దగ్గర కోర్టు మనిషి చేత మళ్లీ నీళ్లు పట్టించండి. లక్క సీలుతో. అంతే నేను అడిగేది."

జడ్జిగారు కళ్లజోడు తీశారు. "మళ్లీ పట్టిస్తాను. కానీ ఇది మీ సంసారం, అమ్మా. ఆలోచించుకునే చెబుతున్నారా?"

"ఆలోచించుకున్నానండీ."

"సీసా మార్చిన మనిషి పేరు?"

టైపు చేసే అమ్మాయి వేళ్లు ఆగాయి. వెనక బెంచీ మీద నూకాలమ్మ లేచి నిలబడింది.

"సుబ్రహ్మణ్యేశ్వరరావు," అన్నాను, హాలు చివరిదాకా వినబడేలా.