రాత్రికి ఇల్లు చేర్చే విమానం

ప్రయాణికులు దిగగానే సీటు జేబుల్లోంచి పళ్ళతొక్కలూ, ముక్కు తుడుచుకున్న కాగితాలూ ఏరడం మొదలుపెడతాను. మాది చవక టికెట్ల విమానం. ఊడ్చేందుకు వేరే మనుషుల్ని పెడితే టికెట్టు చవకెలా అవుతుంది? అరగంటలో అంతా శుభ్రం చేసి, మొహానికి నవ్వు తగిలించుకుని మళ్ళీ తలుపు దగ్గర నిలబడాలి. ఇంట్లోనూ ఇదే పని. అక్కడ నవ్వు ఒక్కటే అడగరు.

మా ఆయన ఈ ఉద్యోగానికి ఒప్పుకున్నది ఒకే కారణంతో. హోటల్ ఖర్చు దండగని మా కంపెనీ సిబ్బందిని పరాయి ఊళ్ళో పడుకోనివ్వదు. ఎక్కడికి ఎగిరినా రాత్రికి బయల్దేరిన ఊళ్ళోనే తెచ్చి దింపుతుంది. "ఎన్ని ఊళ్ళు తిరిగితే ఏంలే, వంట వేళకి ఇంట్లో ఉంటుంది" అని మా అత్తగారు చుట్టాలకి గొప్పగా చెబుతుంది. ఆ ఊళ్ళన్నీ నేను చూసింది విమానం తలుపులోంచే.

అందులో మా అమ్మ ఊరూ ఉంది. అమ్మ విమానాశ్రయం కంచె అవతల ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడేది. "నువ్వు ఏ విమానంలో ఉన్నావో నాకేం తెలుస్తుందే, అన్నిటికీ ఊపుతాను" అనేది ఫోన్లో. ఆమెకి జబ్బు చేసిందని సెలవు పెడతానంటే మా ఆయన నవ్వాడు. "వారం వారం వెళ్ళే ఊరికి మళ్ళీ సెలవెందుకు? ఇక్కడ మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. వంటెవరు చేస్తారు?"

ఒక మధ్యాహ్నం కంచె దగ్గర గొడుగు లేదు. సీట్ల మధ్య ఊడుస్తుంటే ఫోన్ మోగింది. అమ్మ పక్కింటి పిన్ని. అమ్మ పోయింది. అమ్మ ఇల్లు అక్కడికి ఎంతో దూరం లేదు. మెట్ల మీదకి పరిగెత్తాను. తోటి అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "నువ్వు దిగిపోతే మనిషి తక్కువై విమానం కదలనివ్వరక్కా. అంతమందీ ఇక్కడే చిక్కుకుపోతారు." తిరిగి లోపలికొచ్చాను. బెల్టు ఎలా పెట్టుకోవాలో అందరికీ నవ్వుతూ చూపించాను. మర్నాడు నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నిన్న కంపెనీ ఒక కబురు చెప్పింది. ఇకనుంచి కొన్ని విమానాలు అమ్మ ఊళ్ళోనే ఉంటాయట. పొద్దున అక్కడ బయల్దేరి, రాత్రికి అక్కడికే చేరతాయట. అక్కడే ఉండే సిబ్బంది కావాలన్నారు. నా పేరిచ్చాను.

రాత్రి భోజనం వడ్డిస్తూ ఆ మాట చెప్పాను. మా ఆయన ముద్ద కిందపెట్టాడు.

"మతిపోయిందా? మీ అమ్మే లేని ఊళ్ళో నీకెవరున్నారు?"

గరిటె గిన్నెలో పెట్టాను.

"నేనుంటాను."