దేవుడి బియ్యం

తడిసిన బియ్యానికి ఒక వాసన ఉంటుంది. ముక్కిపోకముందు, మొలకెత్తకముందు... తియ్యగా, కాస్త పుల్లగా.

ఆ వాసన నాకు పడదు.

పన్నెండేళ్లుగా పడదు. ఎవరైనా అడిగితే కడుపులో తిప్పుతుందని చెబుతాను. అబద్ధం చెప్పడం నాకు కొత్త కాదు.

మా పేటలో ఆడవాళ్లం ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం. దేవుడి బియ్యం. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి వెళతాయి. బియ్యం బస్తాలోకి వెళుతుంది. బస్తా కోతపండగ దాకా ప్రసంగ పీఠం పక్కనే ఉంటుంది. ఇంట్లో గింజ లేకపోయినా ఆ డబ్బా జోలికి ఎవరూ వెళ్లరు. పిల్లలు కూడా వెళ్లరు. అది నియమం. నియమాలు మాకు బాగా వచ్చు.

తొంభై ఆరులో తుఫాను వచ్చింది.

గాలి. ఆ పైన నీళ్లు. ఆ పైన మళ్లీ గాలి. కొబ్బరి చెట్లు మొదలంటా పడ్డాయి. పేటలో తాటాకిల్లు ఒక్కటి మిగల్లేదు. చర్చి ఒక్కటే డాబా — అరవై మందిమి అందులో చేరాం. నా చంకలో హెప్సిబా, నాలుగు నెలల పిల్ల. బయట నడుంలోతు నీళ్లు.

యెహెజ్కేలు పాస్టర్ గారు మోకాళ్ల మీద కూర్చుని చెప్పారు — నీళ్లు తీసేదాకా ఉపవాసం. ఎవరూ ముద్ద ముట్టకూడదు. దేవుడు చూస్తున్నాడు. మన విశ్వాసం ఏపాటిదో చూస్తున్నాడు.

ఆయన్ని తప్పు పట్టను. ఆయనా తినలేదు. ఆయన పిల్లలూ తినలేదు. మనిషి మంచివాడే... అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాకు ఈపాటికి నిద్ర పట్టేది.

మొదటి రోజంతా ప్రార్థన. మొదటి రోజంతా పాటలు. రెండో రోజు పొద్దున నా పాలు ఇంకిపోయాయి.

హెప్సిబా ఏడ్చింది. ఏడ్చింది. ఏడ్చింది... తర్వాత ఏడవలేదు.

వెనక గోడ దగ్గర జ్ఞానమ్మ లేచింది.

జ్ఞానమ్మంటే మా చర్చి ఊడ్చే ముసలావిడ. కాదు, అప్పటికి ముసలిది కాదు, యాభై ఉంటాయేమో. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొలాల్లో వరి ఊడ్పులకు వెళ్లేది, వచ్చి చర్చి ఊడ్చేది. నోట్లో నాలుక లేని మనిషి. నలుగురిలో లేచి ప్రార్థన చేయడం కూడా రాదు.

లేచి పీఠం దగ్గరకు నడిచింది. బస్తా మూతి విప్పింది. అడుగు తడిసిపోయి ఉంది. గాలికి ఊడిపడ్డ కిటికీ తలుపు విరిచింది. ప్రార్థన లాంతరులోంచి నిప్పు అందుకుంది. మూల మూడు ఇటుకలు పేర్చి, డాబా తూము కింద పట్టిన వాన నీళ్లు ఎసరు పెట్టింది. వద్దని ఒక్కరూ అనలేదు. అరవై మందిమి ఆవిడ చేతులకేసి చూస్తూ కూర్చున్నాం.

జావ కాగింది. మొదటి గిన్నె నాకు తెచ్చింది.

"తాగమ్మా. నువ్వు తాగితే దానికి పాలొస్తాయి."

తాగాను. ఊదుకోవడానికి కూడా ఆగలేదు, నోరు కాలింది. మధ్యాహ్నానికి పాలు చేపాయి. సాయంత్రానికి పిల్ల మళ్లీ ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను నవ్వాను. నాకు బాగా గుర్తు.

సగం మంది జావ తాగారు. సగం మంది తాగలేదు. పాస్టర్ గారు గోడవైపు తిరిగి కన్నీళ్లు పెట్టుకున్నారు.

మూడో రోజు హెలికాప్టర్ వచ్చింది.

పులిహోర పొట్లాలు పడ్డాయి, బ్రెడ్డు పడింది. చూశారా, అన్నారు పాస్టర్ గారు. ఒక్క రోజు... ఇంకొక్క రోజు ఆగలేకపోయింది జ్ఞానమ్మ.

దాంతో తేలిపోయింది — ఎవరిది విశ్వాసమో, ఎవరిది కాదో.

నీళ్లు తీశాయి. చర్చి కడిగాం. సంఘం కూర్చుంది.

పాస్టర్ గారు నెమ్మదిగానే చెప్పారు. మంచి పనులు మనిషిని రక్షించవు, విశ్వాసమే రక్షిస్తుంది. జాలి మంచిదే. కానీ దేవుడి కంటే ముందు పరిగెత్తే జాలి అవిశ్వాసం. జ్ఞానమ్మ లేచి, నాది అవిశ్వాసం, క్షమించండి అంటే చాలు. ఒక్క మాట. అనేదాకా బల్లకు దూరం.

బల్ల అంటే నెలకోసారి మేమంతా తీసుకునే రొట్టె, ద్రాక్షరసం. మాకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. దేవుడి పంక్తిలోంచి లేపేయడమే.

జ్ఞానమ్మ లేచింది.

"ఆ పిల్ల ఏడ్చినంతసేపూ నేనూ ప్రార్థనే చేశానండి. ఏడుపు మానేసిందండి. అప్పుడు లేచానండి."

అంతే. కూర్చుంది.

పాస్టర్ గారు నావైపు తిరిగారు. "ప్రసన్నకుమారీ, నువ్వు చెప్పమ్మా. నీ బిడ్డ దేనివల్ల బతికింది?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇళ్లు పోయినవాళ్లకు ఎవరో మిషన్ వాళ్లు పక్కా ఇళ్లు కట్టిస్తామన్నారు. లిస్టు పాస్టర్ గారు రాస్తున్నారు. నా పేరు కొట్టేస్తానని ఆయన అనలేదు. ఎప్పుడూ అనలేదు. ఎవరూ అనలేదు.

నేనే అనుకున్నాను.

లేచాను. పిల్లను ఎత్తుకునే లేచాను.

"ప్రార్థన వల్లండి."

ఆమెన్ అన్నారు అందరూ. జావ తాగినవాళ్లు ఇంకాస్త గట్టిగా అన్నారు.

ఏరు దాటాక తెప్ప తగలేశావే అని మా అమ్మ ఉంటే అనేది. అమ్మ లేదు. ఉన్నవాళ్లెవరూ ఏమీ అనలేదు. జ్ఞానమ్మ నావైపు చూసింది... ఆ చూపులో కోపం ఉంటే ఎంత బాగుండేది.

ఇల్లు వచ్చింది. రెండు గదులు, సిమెంటు గచ్చు. ఎంత వానకీ చుక్క కారదు. వాన పడ్డ రోజున ఆ ఇంట్లో నాకు ఊపిరాడదు.

ఆవిడ చర్చి మానేస్తుందనుకున్నాం. మానలేదు. ఊడవడమూ మానలేదు. పిడికెడు బియ్యం తేవడమూ మానలేదు. నెల నెలా మొదటి ఆదివారం వెనక వరుసలో చాప మీద కూర్చునేది. రొట్టె పళ్లెం ఆడవాళ్ల మధ్య చేతులు మారుతూ వచ్చేది. ఆవిడను దాటిపోయేది. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లు చేయి చాచి దాటించేవాళ్లు. నేనూ దాటించాను. మొదట్లో తల పక్కకు తిప్పుకునేదాన్ని... తర్వాత అలవాటైపోయింది.

ఒకసారి ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను.

"ఆ ఒక్క మాటా అనేయరాదా పిన్నీ?"

"అనొచ్చే. నోరేం అరిగిపోదు." చేట పక్కన పెట్టింది. "అంటే నీకు జావ పొయ్యడం తప్పని ఒప్పుకున్నట్టే కదా. దేవుడి ముందు అబద్ధం ఎలా ఆడనే?"

నన్ను దెప్పలేదు. తన సంగతి చెప్పుకుంది, అంతే. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని అంది —

"బల్ల మాత్రం... పోయేలోగా ఒక్కసారి తీసుకోవాలని ఉందే."

నేను ఊ కొట్టి ఇంటికొచ్చాను. సంఘంలో లేచి నిజం చెబితే సరిపోయేది. ఇల్లు కూడా ఎవరూ వెనక్కి తీసుకునేవాళ్లు కాదు. ఈ వారం కాదు, పై వారం... పై వారం కాదు, పండగ వెళ్లాక... అలా ఏళ్లు గడిచాయి.

పోయిన నెల హెప్సిబాకు కాలవలో బాప్తిస్మం ఇచ్చారు. తెల్ల బట్టలు. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా గట్టు మీద నిలబడి సాక్ష్యం చెప్పింది. నాలుగు నెలల పిల్లనప్పుడు తుఫానులో ప్రార్థన వల్ల బతికానని చెప్పింది. మాటలన్నీ నేను నేర్పినవే. ఒక్కటి తప్పలేదు.

మొన్న ఆదివారం దానికి మొదటి బల్ల.

ఆలస్యంగా వెళ్లాం. వెనక వరుసలోనే చోటుంది. అటు హెప్సిబా, ఇటు నేను, మధ్యలో జ్ఞానమ్మ. బాగా చిక్కిపోయింది. ఆయాసంతో గొంతులో పిల్లి కూతలు.

పళ్లెం హెప్సిబా దగ్గరకు వచ్చింది. ఒక ముక్క తీసుకుంది. పళ్లెం పట్టుకుని ఆగింది.

జ్ఞానమ్మ చేయి ఒడిలోంచి లేచింది.

పన్నెండేళ్లలో మొదటిసారి. ఈ పిల్ల ఇస్తుందనుకుందేమో... ఈ పిల్లయినా.

హెప్సిబా నా ముఖం చూసింది. ఏం చేయమంటావమ్మా అన్నట్టు చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"నీకు ఇవ్వకూడదంట అమ్మమ్మా," అంది పిల్ల, మెల్లగా, మర్యాదగానే.

"సరేలేమ్మా," అంది జ్ఞానమ్మ. చేయి దించుకుంది.

పళ్లెం ఆవిడ మీదుగా నా చేతికి వచ్చింది.

ముక్క తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాను. నమిలాను, మింగాను. పళ్లెం పక్కావిడకు అందించాను.