బొగ్గుతో గీసిన మెట్లు

ఆ తెల్లవారుజామున ఆ ఇంట్లో ఉన్నది ఎనిమిది మంది. చనిపోయినావిడ పెద్దకూతురు దొమితీలా, ఆమె భర్త ఎవారిస్తో, జపమాల చెప్పించే ముసలి తిబూర్సియా, నల్లబట్టల్లో నలుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, చిన్నకూతురు లెయొకాదియా. తిబూర్సియా లెక్క ప్రకారం తొమ్మిది మంది. తెల్లగుడ్డలు పరిచి కొవ్వొత్తులు వెలిగించిన పీఠాన్ని తొమ్మిదోనాటి వేకువన తీసేదాకా చనిపోయిన మనిషి ఇల్లు విడిచిపోదని ఆమె చెబుతుంది. మొంపోస్ ఊళ్ళో అందరూ అదే నమ్ముతారు.

లెయొకాదియా వచ్చేసరికే తల్లిని మట్టిచేసి రెండు రోజులైంది. మాగ్దలేనా నదిలో నీళ్ళు తగ్గి, ఆమె ఎక్కిన స్టీమరు ఇసుకమేట మీద నాలుగు రోజులు కదలకుండా కూర్చుంది. ఆ నాలుగు రోజులూ ఆమె పడవ రెయిలింగు మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంది.

ఆమె ఊరు విడిచి ఇరవై రెండేళ్ళు. లిమాలో పియానో వాయించింది, హవానాలో వాయించింది, పారిస్‌లో మూడు చలికాలాలు వాయించింది. కచేరీ కాగితాలు తల్లికి పంపేది. తల్లికి చదువు రాదు. దొమితీలా చదివి వినిపిస్తే, మడతపెట్టి పరుపు కింద దాచుకునేది. ప్రతి ఉత్తరం చివరా వానలు వెలిశాక వస్తానని ఉండేది. వానలు వెలిసేవి, ఈలోగా ఇంకో కచేరీ వచ్చిపడేది. కూతురు హాల్లో వాయిస్తుంటే తల్లి ఒక్కసారి కూడా వినలేదు.

ఇప్పుడు పియానో ముందుగదిలో పీఠానికి ఎదురుగా, నల్లదుప్పటి కింద, తాళం వేసి ఉంది. చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పియానో తెరవరు. తాళంచెవి దొమితీలా నడుముకు కట్టుకుంది. వచ్చిన రోజునే లెయొకాదియా ఒక్కసారి తెరవమని అడిగింది. దొమితీలా కోప్పడలేదు. నాన్న పోయినప్పుడు అమ్మే తన చేత్తో తాళం వేసింది కదా, గుర్తులేదా అని మాత్రం అంది.

ఎందుకు గుర్తులేదు? అప్పుడు లెయొకాదియాకు పదకొండేళ్ళు. రెండు రోజులు అన్నం ముట్టకుండా ఏడ్చింది. మూడో రోజు తల్లి భోజనాల బల్లను బూడిదతో తోమి, దాని మీద బొగ్గుతో ఈ చివర నుంచి ఆ చివరకు పియానో మెట్లు గీసింది. నల్లమెట్లు కూడా ఒక్కటి తప్పకుండా గీసింది. వాయించు అంది. ఆ ఏడాదంతా మధ్యాహ్నాలు లెయొకాదియా ఆ బల్ల మీద చప్పుడు లేకుండా వాయించింది. ఎదురుగా కూర్చుని తల్లి కర్రపెండలం చెక్కు తీస్తూ తల ఊపేది. వేలు తప్పితే కత్తి ఆపి తలెత్తి చూసేది. ఎలా తెలిసిందమ్మా అంటే, వినబడుతోందిగా అనేది. రాత్రి కంచాలు పెట్టడానికి బల్ల కడిగితే గీతలు పోయేవి. మర్నాడు మళ్ళీ గీయడం పదమూడేళ్ళ దొమితీలా పని. ఆమెకు పియానో ఎవరూ నేర్పలేదు.

తొమ్మిదోనాటి వేకువన కోళ్ళు కూశాయి. తిబూర్సియా జపమాల పక్కనపెట్టి కాఫీ అడిగింది. కుండ అడుగంటిందని చెబితే ఎవారిస్తో వైపు చూసింది.

"మీ అత్తగారి పేరు చెప్పి తొమ్మిది రాత్రులు తాగావు కదరా నాయనా. ఆవిడ బతికుండగా నీకు అరకప్పు మించి పోసిందా?"

ఆడవాళ్ళు కొంగుల చాటున నవ్వారు. తిబూర్సియా లెయొకాదియా వైపు తిరిగింది.

"ఏం తల్లీ, మీ పారిస్‌లో పోయినవాళ్ళని ఎలా సాగనంపుతారు? చప్పట్లు కొడతారా?"

 తరవాత అందరూ లేచారు. ఎవారిస్తో వీధితలుపు బార్లా తెరిచాడు. పోయినావిడ వెళ్ళడానికి పీఠం నుంచి తలుపు దాకా దారి వదిలి రెండు వరసలుగా నిలబడ్డారు. ఇక ఎవరూ గట్టిగా ఏడవకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. ఆమె ప్రేమించిన వస్తువేదీ చూపించకూడదు, చూస్తే వెనక్కి తిరుగుతుంది. తిబూర్సియా తెల్లగుడ్డలు మడిచి, కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పసాగింది.

రెండు కొవ్వొత్తులు మిగిలాయి. ఇది దాటితే ఇంక ఎప్పటికీ లేదని లెయొకాదియాకు తోచింది. ఆమె చెయ్యి జడలోని పిన్ను తీసింది. చిన్నప్పుడు ఆ తాళం పిన్నుతో ఊడేది, ఇప్పుడూ ఊడింది. దుప్పటి జారిపోయింది. ఆమె కూర్చుని, ఆ ఏడాదంతా బల్ల మీద వాయించిన పాటనే వాయించింది. చెమ్మకు ఉబ్బి మూడు మెట్లు నొక్కితే పైకి లేవలేదు. వాటి చోట పాటలో ఖాళీలు పడ్డాయి. అయినా చివరిదాకా వాయించింది. ఎవరూ ఆపలేదు.

పాట ఆగింది. తిబూర్సియా ఆర్పిన కొవ్వొత్తుల్లో ఒకదాన్ని తీసి మళ్ళీ వెలిగించింది.

"గడప దాకా వెళ్ళిన మనిషిని వెనక్కి తిప్పావు కదమ్మా," అంది. గొంతులో వెటకారం లేదు. మళ్ళీ మొదటి రోజు నుంచి తొమ్మిది రోజులూ చేయాలని చెప్పింది. ఆడవాళ్ళు మడిచిన గుడ్డలు విప్పసాగారు.

లెయొకాదియా అక్క దగ్గరికి వెళ్ళింది. "అమ్మ ఒక్కసారైనా వినాలని, అక్కా."

దొమితీలా ఆమె చేతులవైపు చూసింది.

"ఆ ఏడాదంతా విన్నది కదే. బల్ల అక్కడే ఉంది, లెయో. అడిగి ఉంటే నేనే గీసి ఇచ్చేదాన్ని."

ఏడింటి స్టీమరుకు వెళ్ళాల్సిన లెయొకాదియా పెట్టె తలుపు పక్కనే ఉంది. బొగోతాలో కచేరీకి ఇంకా పది రోజులు. కచేరీ వద్దని తంతి కొడతాను, ఈ తొమ్మిది రోజులూ ఉంటాను అంది లెయొకాదియా. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. దొమితీలా పెట్టె ఎత్తి వీధిలో పెట్టింది. లెయొకాదియా వెంట వచ్చింది.

"నువ్వు ఇక్కడుంటే అమ్మ వెళ్ళదు," అంది దొమితీలా, చెల్లెలి పైట సరిచేస్తూ.

లోపల తిబూర్సియా మొదటి జపం ఎత్తుకుంది. దొమితీలా గడప లోపలికి వెళ్ళి, లోపల ఎవరో పడుకుని ఉన్నట్టు, చప్పుడు కాకుండా తలుపు మూసింది.