సగం పొయ్యి

కొండ మీది మా వేసవి గుడిసె పైకప్పు కుంగిపోయింది. మంచు పడేలోపు బాగుచేయించకపోతే ఈ చలికాలం దాటదు, చేయించడానికి మా దగ్గర డబ్బుల్లేవు. మా ఆవిడ సిగ్రీ ప్రతి వేసవీ మేకల్ని తోలుకెళ్లి చీజ్ కాచేది అక్కడే. అది కూలితే మేకల్ని అమ్మేస్తానంది. అన్న రోజు నుంచి ఆమెకి కాఫీ కూడా సహించలేదు.

గుడిసె ఖాళీ చేస్తుంటే ఎండుగడ్డి కింద ఓ ఇనుప కట్టెల పొయ్యి బయటపడింది. గది వెచ్చబెట్టే పెట్టెలాంటిది. పలక మీద గుర్రమెక్కిన రాజు బొమ్మ. తుప్పు గీకితే పోతపోసిన కార్ఖానా గుర్తు కనిపించింది. పాత ఇనుము కొనేవాడికి వేసేద్దామన్నాను. సిగ్రీ నన్ను పురుగుని చూసినట్టు చూసి, ఓస్లోలో పాతసామాన్లు వేలం వేసే సోల్వైకి ఫోన్ చేసింది.

సోల్వై వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి పలకల వెనక భాగం కూడా చూసింది. రెండువందల ఏళ్ల పైమాటేనని, మంచి పోత అని అంది. సిగ్రీ మొహం వెలిగింది. అంతలో సోల్వై చెయ్యి పై పలక మీద ఆగింది. అక్కడ పొగ పోయే కంత, దాని చుట్టూ ఓ గాడి ఉన్నాయి.

"ఇది సగమేనమ్మా. మంట ఇందులో, దాని వేడి పట్టే పెట్టె ఇంకోటి దీని మీద ఉండాలి, ఇదే గుర్తుతో. రెండూ కలిస్తే మీరు కప్పు వేయించుకోగా మిగులుతుంది. ఇదొక్కటే అయితే పూలకుండీ పెట్టుకోడానికి పనికొస్తుంది."

పూలకుండీ అనగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా దారిలో ఉండే హాల్వోర్ ఇంటి వరండాలో జెరేనియం పూలకుండీలు ఉండేది ఓ ఇనుప పెట్టె మీదే. దాని మీదా గుర్రమెక్కిన రాజున్నాడు. ఉత్తరాల డబ్బా దాకా వెళ్తూ రోజూ చూస్తూనే ఉన్నాను.

హాల్వోర్ సిగ్రీకి వరసకి అన్న. వాళ్ల తాతలు అన్నదమ్ములు. ఆస్తి పంపకాలప్పుడు ఏదో గొడవై రెండిళ్ల మధ్య మాటలు పోయాయి. ఎందుకు పోయాయో ఎవరికీ తెలీదు గానీ, మాట్లాడుకోకపోవడం మాత్రం శ్రద్ధగా కొనసాగించారు. ఆ మహానుభావులు పొయ్యిని కూడా చెరో అంతస్తు పంచుకున్నారన్నమాట.

సిగ్రీ ఆ సాయంత్రమే చీజ్ ముద్ద ఒకటి పట్టుకుని బయల్దేరింది. వద్దంటే వినదు కనుక నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది.

"అన్నయ్యా, మన తాతలు పొయ్యి పంచుకున్నారు. పై సగం నీ దగ్గరుంది. రెండూ కలిపి అమ్మి గుడిసె కప్పు వేయించుకుంటాను. మిగిలింది నువ్వే తీసుకో."

హాల్వోర్ చాలాసేపు కుండీల వంకే చూశాడు. ఆలోచించి చెబుతానని తలుపేసుకున్నాడు. దారంతా సిగ్రీ ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

శనివారం పొద్దున్నే కొండ మీదికి ట్రాక్టరు వచ్చింది. నడుపుతున్నది హాల్వోర్. ట్రైలర్లో ఇనుప పెట్టె, కప్పులోకి నీళ్లు దిగకుండా పరిచే బిర్చి చెట్టు బెరడు చుట్టలు, దాని మీద వేసే గడ్డిపెళ్లలు తవ్వడానికి పారలతో వెనకాలే ఊళ్లో సగం మంది. కప్పు వేయడానికి అందరూ కలిసి రావడం మా దగ్గర మామూలే. ఈ ఇంటి కప్పుకి వాళ్లని హాల్వోర్ పిలవడమే మామూలు కాదు.

"అమ్మేదేం లేదమ్మాయ్," అన్నాడు సిగ్రీతో. "కప్పు మేం వేస్తాం. మా తాత పోయేదాకా చలి, చలి అంటూనే ఉన్నాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది." తర్వాత నావైపు తిరిగాడు. "బావా, చూస్తూ నిలబడతావా, ఓ చెయ్యేస్తావా?"

ఇద్దరం ఎత్తి పెట్టాం. పై పెట్టె కింది గాడిలో సరిగ్గా కూర్చుంది. గొట్టం బిగించాక సిగ్రీ కట్టెలు పేర్చి అంటించింది. వెచ్చదనం ముందు కింది పెట్టెకి, మెల్లగా పై పెట్టెకి ఎక్కింది. హాల్వోర్ దాని మీద అరచెయ్యి ఆన్చి, తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

కప్పు మీద బెరడు పరుస్తున్నవాళ్లు పొగ కళ్లల్లో పడుతోందని పైనుంచి తిట్టారు. సిగ్రీ ఇంకో కట్టె వేసింది.